ట్రైలర్ తగిలిస్తే పికప్ కుంగుతోంది: ఎయిర్ బెలూన్లు వేయాలా, అదనపు పట్టీ వేయాలా?

ట్రైలర్ తగిలించగానే వెనుక భాగం కుంగుతోంది, మలుపుల్లో బండి ఊగుతోంది, వెనుక యాక్సిల్ మీద గాలి నింపే రబ్బరు సంచులు, అంటే ఎయిర్ బెలూన్లు వేయించాలా లేక కమాను కట్టకు (లీఫ్ స్ప్రింగ్‌కు) ఇంకో ఉక్కు పట్టీ చేర్పించాలా అని అడిగారు. పట్టీయే వేయించండి. బెలూన్లంటే నాకు పడదు.

నా బండికి మొదట బెలూన్లే వేశారు. బిగించిన మెకానిక్ రెండింటికీ కలిపి ఒకే గొట్టం, ఒకే వాల్వు పెట్టాడు. గాలి కొట్టగానే వెనుక భాగం చక్కగా లేచింది. తిన్నని రోడ్డు మీద హాయిగానే ఉంది. కొండదారి దిగుతూ ఎడమకు తిప్పానో లేదో, బండి కుడివైపు ఒరగడం మొదలుపెట్టి ఎంతకీ ఆగదే! బరువు పడిన కుడి బెలూన్‌లోని గాలి గొట్టం వెంట ఎడమదానిలోకి పోతోంది. ఒరిగే వైపు మెత్తబడింది, లేచిన వైపు ఇంకా లేచింది. అద్దంలో చూస్తే ట్రైలర్ చక్రం తెల్లగీత దాటేసింది. యాక్సిలరేటర్ వదిలి, బ్రేకు తాకకుండా, స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న మా బావమరిది చెబుతున్న కబురు సగంలో ఆపి, ఇల్లు చేరేదాకా మళ్లీ ఎత్తలేదు. రెండు వైపులకూ విడి గొట్టాలు వేయాలి కదా అని మెకానిక్‌ను నిలదీస్తే, ‘అందరికీ ఇలాగే వేస్తామండీ’ అన్నాడు. ఆ ‘అందరికీ’ అన్న మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

పట్టీ చేరిస్తే ఖాళీ బండి గుంతల్లో ఎగిరిపడుతుందని కొందరు భయపెడతారు. ఎగిరిపడనివ్వండి. బరువులు లాగే బండి పరుపులా ఉండాలనుకోవడమే విడ్డూరం. పట్టీతోపాటు, కమాను కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు కొత్తవి వేయించండి, పాతవాటినే బిగిస్తామంటే ఒప్పుకోకండి. షాక్ అబ్జార్బర్లు బరువు మోయవు, ఊపును అణుస్తాయి. కాబట్టి ‘కొత్త షాక్‌లు వేస్తే కుంగదు’ అనేవారిని నమ్మకండి. మలుపుల్లో ఒరగడం తగ్గాలంటే వెనుక యాంటీ రోల్ బార్ (రెండు వైపులనూ కలిపి ఒరుగుదలను అడ్డుకునే ఉక్కు కడ్డీ) వేయించుకోవాలి.

వీటన్నిటికంటే ముందు ట్రైలర్‌లో బరువు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలన్నది పికప్‌లకు సాధారణంగా చెప్పే లెక్క. 1,500 కిలోల ట్రైలర్ అయితే 150 నుంచి 225 కిలోలు. అంతకంటే తగ్గితే ట్రైలర్ తోక ఆడిస్తుంది. మరీ పెరిగితే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. కమాను ఎంత గట్టిపరిచినా తయారీదారు చెప్పిన మోత పరిమితి మాత్రం పెరగదు. యాక్సిల్, బేరింగులు, బ్రేకులు పాతవే కదా.

బ్రేకులంటే గుర్తొచ్చింది. కొన్ని పికప్‌లలో వెనుక యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఒక కడ్డీ ఉంటుంది. వెనుక భాగం ఎంత కుంగితే వెనుక బ్రేకులకు అంత ఒత్తిడి పంపే వాల్వు దానితో పనిచేస్తుంది. మీరు ఎత్తు పెంచితే అది బండి ఖాళీగా ఉందనుకుని బ్రేకు తగ్గించేస్తుంది. కిందికి వంగి చూడండి. ఆ కడ్డీ ఉంటే, కమాను పని అయ్యాక దాన్ని సరిచేయించకుండా ట్రైలర్ తగిలించవద్దు.