ఆసుపత్రి పార్కింగ్ నోటీసు వచ్చిందా? ముందు పైన ఎవరి పేరుందో చూడండి

గత నెలలో ఒక ఆదివారం ఉదయం, ఇక్కడ ఇంగ్లండులో మా వీధి చివరి ఇంట్లో కొత్తగా దిగిన గుంటూరు అబ్బాయి తలుపు తట్టాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. “అక్కా, ఇది పోలీసులు పంపిందేనా? వీసాకు ఏమైనా ఇబ్బంది అవుతుందా?” అన్నాడు. గొంతు తడారిపోయి ఉంది.

అతని భార్యకు ఎనిమిదో నెల. రాత్రి పొద్దుపోయాక కడుపునొప్పి వస్తే కారులో ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. మూడు గంటలకు సరిపడా డబ్బు కట్టాడు. పరీక్షలు, స్కానింగు, డాక్టరు కోసం ఎదురుచూపు అన్నీ కలిసి తెల్లవారుజాము దాకా సాగాయి. పది రోజులకు ఈ ఉత్తరం వచ్చింది. వంద పౌండ్లు కట్టాలి, 14 రోజుల్లో కడితే అరవై. కింద రెండు చిన్న ఫొటోలు: లోపలికి వస్తున్న కారు, పక్కన 22:41, బయటికి పోతున్న కారు, పక్కన 05:13. రెండో ఫొటోలో ముందు సీటుకు తల ఆనించి కూర్చున్న అమ్మాయి మసకగా కనబడుతోంది.

నాకు ఆ భయం తెలుసు. 2014లో మా అబ్బాయికి ఉబ్బసం ఎక్కువై ఆసుపత్రిలో రాత్రంతా ఉన్నాం. తర్వాత ఇలాంటి ఉత్తరమే వస్తే, ఎవరినీ అడగకుండా ఆ పూటే కట్టేశాను. ఆ డబ్బు కట్టాల్సిన అవసరం లేదని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇంగ్లండుకు కొత్తగా వచ్చినవాళ్లకు అంత కాలం పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

ముందుగా చూడాల్సింది ఉత్తరం పైన ఉన్న పేరు. ఇక్కడ ‘పీసీఎన్’ అని రెండు రకాల కాగితాలు వస్తాయి. నగరపాలక సంస్థ, అంటే కౌన్సిల్, పంపేది పెనాల్టీ చార్జ్ నోటీస్. అది చట్టప్రకారం వేసిన జరిమానా, దాని దారి వేరు. ప్రైవేటు కంపెనీ పంపేది పార్కింగ్ చార్జ్ నోటీస్. పొడి అక్షరాలు ఒకటే, కాగితం అమరిక కూడా చాలాసార్లు అలాగే ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు తికమకపడతారు. ఆసుపత్రి ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌దే అయినా, దాని పార్కింగ్‌ను చాలా చోట్ల ప్రైవేటు కంపెనీలే నడుపుతాయి. వాళ్లు పంపేది జరిమానా కాదు. “బోర్డు మీద రాసిన షరతులకు ఒప్పుకుని కారు ఆపారు, ఆ షరతు తప్పారు కాబట్టి ఇంత చెల్లించండి” అని ఒప్పందం కింద అడిగే సొమ్ము. అది నేరం కాదు, పోలీసు రికార్డుకు ఎక్కదు, లైసెన్సు మీద పాయింట్లు పడవు. నోటీసు వచ్చినంత మాత్రాన వీసాకు ఏమీ కాదు. ప్రైవేటు స్థలంలో చక్రానికి తాళం వేసే పద్ధతిని కూడా ఇంగ్లండు, వేల్స్‌లలో 2012 అక్టోబరు నుంచి చట్టం నిషేధించింది.

ఇంతవరకూ విన్నాక చాలామంది రెండో కొసకు వెళ్లిపోతారు. మన వాట్సాప్ గుంపుల్లో “ప్రైవేటు టికెట్టే కదా, చించి పారేయండి, వాళ్లేమీ చేయలేరు” అన్న సలహా ఇప్పటికీ తిరుగుతోంది. దయచేసి దాన్ని నమ్మకండి. ఆ మాట చెల్లిన రోజులు పోయాయి. 2012లో వచ్చిన ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం నాలుగో షెడ్యూలు ప్రకారం, నడిపింది ఎవరో తెలియకపోయినా, కంపెనీ నిబంధనలు పాటించి ఉంటే కారు ఎవరి పేరున నమోదై ఉందో వాళ్లనే అడగవచ్చు. మీ చిరునామాను వాహనాల నమోదు చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ నుంచి ఒక్కో కారుకు 2.50 పౌండ్లు కట్టి తెచ్చుకుంటారు. 2015 నవంబరులో సుప్రీంకోర్టు పార్కింగ్‌ఐ–బీవిస్ కేసులో, చెమ్స్‌ఫర్డ్‌లోని ఒక దుకాణాల సముదాయం దగ్గర గంటకు కాస్త తక్కువగా గడువు దాటిన వ్యక్తికి వేసిన 85 పౌండ్లు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత “ఇది అన్యాయమైన మొత్తం” అన్న ఒక్క వాదనతో గెలవడం కష్టమైపోయింది.

ఇంకో అలవాటు మన దగ్గర నుంచి వెంట వస్తుంది. 2022లోనూ, మళ్లీ 2023 చివరలోనూ తెలంగాణలో పెండింగ్ చలాన్ల మీద పెద్ద రాయితీలు ఇచ్చారు. ఆగితే తగ్గుతుందన్న నమ్మకం అలా మనసులో పాతుకుపోతుంది. ఇక్కడ ఆగితే పెరుగుతుంది. అరవై వంద అవుతుంది, వంద మీద బాకీ వసూలు సంస్థ మరో డెబ్బై చేరుస్తుంది.

అందుకే కట్టే ముందు, చించే ముందు, ఆసుపత్రికి రాయాలి. దీన్ని నేను అన్నిటికంటే ముందు పెడతాను. కారణం ఉంది. పార్కింగ్ కంపెనీ ఆసుపత్రి తరఫున పనిచేస్తుంది. స్థలం ఆసుపత్రిది. వాళ్లు రద్దు చేయమంటే చాలా చోట్ల నోటీసు రద్దవుతుంది. ఇంగ్లండులో ప్రతి పెద్ద ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రిలోనూ రోగుల సమస్యలు వినడానికి ‘పాల్స్’ అనే విభాగం ఉంటుంది. ఆసుపత్రి వెబ్‌సైటులో ఆ పేరుతో వెతికితే ఈమెయిలు చిరునామా దొరుకుతుంది. మన వాళ్లలో నూటికి తొంభై మందికి ఈ విభాగం ఉందని కూడా తెలియదని నా అనుభవం.

ఆ అబ్బాయితో నా వంటింటి బల్ల దగ్గరే ఉత్తరం రాయించాను. మొదట అతను రాసింది రెండు పేజీలు. క్షమాపణలతో మొదలై, కొత్తగా వచ్చామని, తెలియలేదని, దయ చూపమని వేడుకుంటూ సాగింది. అదంతా తీసేయించాను. నోటీసు నంబరు, కారు నంబరు, తేదీ, రోగి పేరు, ఏ విభాగానికి వచ్చారో, ఎన్ని గంటలకు చేరి ఎన్ని గంటలకు బయటపడ్డారో రాసి, “వైద్యం ఆలస్యం కావడం వల్లే సమయం దాటింది, మా చేతిలో లేని విషయం ఇది, కంపెనీతో మాట్లాడి ఈ నోటీసు రద్దు చేయించండి” అని ఒక్క అభ్యర్థన. పది పన్నెండు వాక్యాలు. దాంతో పాటు, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి కాగితం ఫొటో, మూడు గంటలకు కట్టిన రసీదు. ఆ రసీదు ముఖ్యం. ఎగ్గొట్టాలనుకున్నవాడు మూడు గంటలకు డబ్బు కట్టడు కదా.

ఒక జాగ్రత్త. పాల్స్‌కు వైద్యం వివరాలు ఇవ్వవచ్చు, వాళ్లు ఆసుపత్రివాళ్లే. అదే కాగితాన్ని పార్కింగ్ కంపెనీకి పంపేటప్పుడు జబ్బు పేరు, మందులు, పరీక్షల ఫలితాలు నల్లగా కొట్టేసి, తేదీ, సమయం మాత్రమే కనబడేలా ఉంచండి. మీ ఇంట్లోవాళ్ల ఆరోగ్యం సంగతి వాళ్లకు అనవసరం.

పాల్స్ జవాబు కోసం కూర్చుని కంపెనీ గడువు దాటనివ్వకండి. రెండూ ఒకేసారి నడవాలి. కంపెనీకి అప్పీలు చేసుకోవడానికి సాధారణంగా 28 రోజులు ఉంటాయి. 14 రోజుల్లోపే అప్పీలు చేస్తే, వాళ్లు తిరస్కరించినా తక్కువ మొత్తం కట్టడానికి మళ్లీ 14 రోజులు ఇవ్వాలని పార్కింగ్ పరిశ్రమ పెట్టుకున్న నియమావళి చెబుతోంది. అందుకని మొదటి రెండు వారాల్లోనే అప్పీలు చేయడం మేలు.

ఆ అప్పీలులో “నేను కారు ఆపాను” అని రాయకండి. “ఈ వాహనం రిజిస్టర్డ్ కీపర్‌గా రాస్తున్నాను” అని రాయండి. కీపర్ అంటే కారు ఎవరి పేరున నమోదై ఉందో వాళ్లు. అబద్ధం చెప్పమనడం లేదు. నడిపింది ఎవరో చెప్పాల్సిన బాధ్యత ప్రైవేటు కంపెనీ విషయంలో మీకు లేదు. చెప్పకపోతే, కీపర్‌ను అడగడానికి చట్టం పెట్టిన షరతులన్నీ కంపెనీ పాటించి తీరాలి. వాటిలో ఒకటి తేదీ. అద్దానికి కాగితం అంటించకుండా కెమెరా ఆధారంగా నోటీసు పంపితే, కారు ఆపిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 14 రోజుల్లోపు అది మీకు చేరాలి. మూడో తేదీన ఆపారనుకుంటే పదిహేడుకల్లా ఇంట్లో ఉండాలి. పదహారున పోస్టు చేశామని కాగితం మీదే ఉంటే, రెండు పనిదినాల తర్వాత చేరినట్లు లెక్క కాబట్టి గడువు దాటినట్లే. కవరు కూడా పారేయకండి.

మరొకటి నంబరు ప్లేటు. ఇక్కడి కొత్త ప్లేట్లు రెండు అక్షరాలు, రెండు అంకెలు, మూడు అక్షరాల వరసలో ఉంటాయి. వానలో, చీకట్లో, లోపల మనిషి బాధపడుతుంటే యంత్రం మీద సున్నాకు బదులు ‘ఓ’ అక్షరం నొక్కడం ఎంతసేపు? డబ్బు కట్టినా కారు నంబరు కలవక నోటీసు వస్తుంది. అలాంటి ఒక్క అక్షరం పొరపాటుకు నోటీసు రద్దు చేయాలి. పెద్ద పొరపాటైతే, అంటే వేరే కారు నంబరు కొట్టేస్తే, అప్పీలులో చూపితే 20 పౌండ్లకు తగ్గించాలి. రసీదు ఉంటే పని సులువు. బ్యాంకు లావాదేవీ కూడా పనికొస్తుంది. కెమెరా లెక్కించేది మీరు గేటు దాటిన సమయాన్ని, ఆపిన సమయాన్ని కాదు అన్నది కూడా గుర్తుంచుకోండి. ఖాళీ కోసం చుట్టూ తిరిగిన ఇరవై నిమిషాలు కూడా అందులో కలిసిపోతాయి. కట్టిన సమయం అయ్యాక కనీసం పది నిమిషాల వెసులుబాటు ఇవ్వాలన్నది కూడా నియమావళిలో ఉంది.

కంపెనీ తిరస్కరిస్తే బయటి అప్పీలు ఉంటుంది. కంపెనీ బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ సభ్యురాలైతే ‘పోప్లా’, ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ సభ్యురాలైతే ‘ఐఏఎస్’ అనే సంస్థ ఆ అప్పీలు వింటుంది. పోప్లాకు మీరు పైసా కట్టనక్కర్లేదు. తీర్పు మీకు అనుకూలంగా వస్తే కంపెనీ దానికి కట్టుబడాలి. కానీ అక్కడికి వెళితే తక్కువ మొత్తం అవకాశం పోతుంది. పైగా పోప్లా చూసేది నోటీసు నిబంధనల ప్రకారం వేశారా లేదా అన్నది. “నా భార్యకు నొప్పులు వచ్చాయి” అన్న కష్టాన్ని చూసి రద్దు చేసే అధికారం దానికి లేదు. ఆ కష్టం వినగలిగింది ఆసుపత్రి. నేను పాల్స్‌ను ముందు పెట్టింది ఇందుకే.

బాకీ వసూలు సంస్థల ఉత్తరాలు ఎర్ర అక్షరాలతో, రోజుకో బెదిరింపుతో వస్తాయి. వాళ్లకు మీ ఇంట్లో అడుగుపెట్టే హక్కు లేదు. వాళ్లు కోర్టు అమీనాలు కారు. భయపడాల్సింది వాటికి కాదు. కోర్టుకు వెళ్లే ముందు పంపే ‘లెటర్ బిఫోర్ క్లెయిమ్’ వస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నార్తాంప్టన్‌లోని కోర్టు కేంద్రం నుంచి కౌంటీ కోర్టు కాగితం వస్తే, ఎంత తప్పుడు కేసు అనిపించినా పక్కన పెట్టకూడదు. అది అందినట్లు లెక్క కట్టే తేదీ నుంచి 14 రోజుల్లో స్పందించాలి. అందిందని తెలియజేస్తే వాదన రాయడానికి మొత్తం 28 రోజులు వస్తాయి. జవాబు ఇవ్వకపోతే మిమ్మల్ని వినకుండానే తీర్పు వస్తుంది. నెలలోపు కట్టకపోతే అది ఆరేళ్లపాటు మీ పరపతి (క్రెడిట్) రికార్డులో ఉంటుంది. ఇల్లు కొనబోతే బ్యాంకు మొదట చూసేది అదే.

నేను చూసిన ఇలాంటి తీర్పులన్నిటికీ కారణం మొండితనం కాదు, పాత చిరునామా. మన వాళ్లు మొదటి రెండేళ్లలో మూడు ఇళ్లు మారతారు. బ్యాంకుకు చెబుతారు, ఆఫీసుకు చెబుతారు, కారు లాగ్‌బుక్కు (నమోదు పత్రం) మీద చిరునామా మార్చడం మరచిపోతారు. ఉత్తరాలన్నీ పాత ఇంటి గుమ్మం దగ్గర పోగవుతాయి. ఆ మార్పుకు డీవీఎల్‌ఏ డబ్బు తీసుకోదు, ఆన్‌లైన్‌లో కాసేపట్లో అయిపోతుంది. ఇది చదవడం ఆపి అయినా సరే, ఈ రోజే ఆ పని చేయండి.

వేల్స్, స్కాట్లాండులలో ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రుల్లో పార్కింగ్ ఉచితం, అయినా గడువు, స్థలం నియమాలు ఉండవచ్చు. బోర్డు చదవాలి. స్కాట్లాండులో కీపర్‌ను బాధ్యుణ్ని చేసే నిబంధన ఇంకా అమల్లోకి రాలేదు కాబట్టి అక్కడి సలహా ఇంగ్లండులో, ఇక్కడి సలహా అక్కడ వాడకండి. అంబులెన్సు దారిలోనో, దివ్యాంగుల స్థలంలోనో హక్కు లేకుండా ఆపి నోటీసు తెచ్చుకుంటే మాత్రం తక్కువ మొత్తం కట్టేసి ఊరుకోండి. ఆ స్థలం అవసరమైనవాళ్లు ఆ సమయంలో రోడ్డు మీద ఉండిపోయి ఉంటారు.

ఆసుపత్రికి తరచూ వెళ్లాల్సి వస్తే నోటీసు దాకా రానివ్వకుండా ముందే అడగండి. ఇంగ్లండులో మూడు నెలలపాటు నెలకు కనీసం మూడుసార్లు వచ్చే రోగులకు, జబ్బుపడ్డ పిల్లలతో రాత్రి ఉండే తల్లిదండ్రులకు, దివ్యాంగులకు ఇచ్చే బ్లూ బ్యాడ్జి ఉన్నవాళ్లకు ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రుల్లో ఉచిత పార్కింగ్ ఉంది. అది దానంతట అది రాదు, వార్డులో కారు నంబరు రాయించాలి. మామూలు సందర్శకులకు కూడా కొన్ని ఆసుపత్రుల్లో వారం పాసు దొరుకుతుంది.

గుంటూరు అబ్బాయికి తొమ్మిదో రోజున పాల్స్ నుంచి ఈమెయిలు వచ్చింది: నోటీసు రద్దు చేయించాం, మీ భార్య ఎలా ఉన్నారు అని. అతను ఆ రెండో వాక్యాన్ని నాకు ఫోనులో రెండుసార్లు చదివి వినిపించాడు. కిందటి వారం పాప పుట్టింది. కాన్పు గదిలోకి వెళ్లాక మంత్రసానిని అతను అడిగిన మొదటి ప్రశ్న భార్య గురించి, రెండోది కారు నంబరు ఎక్కడ రాయించాలని.