మగ్గం దిగాక ఏ పనికెళ్లారో అడుగు

విజయవాడ

అమ్మాయ్,

మంగళగిరి చేనేత మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం బాగుంది. కానీ మొదటి నుంచి చివరిదాకా ఏడుపే. మగ్గం ఆగింది, మగ్గం కింది గుంట పూడింది, కళ పోయింది. ఇవన్నీ నీకంటే ముందు చాలామంది రాశారు. మగ్గం దిగిన మనిషి మర్నాడు ఏ పనికెళ్లాడో మాత్రం ఎవరూ రాయరు. (అన్నట్టు, ‘బతుకే పడుగు, కష్టమే పేక’ అన్న వాక్యం తీసెయ్.)

అదే ఊళ్లో నేత ఇళ్ల నుంచి బంగారం పనిలోకి వెళ్లినవాళ్లున్నారు. తెగిన పోగును వెతికి పట్టుకుని, ముడి కనపడకుండా అతికిన వేళ్లు అవి. వాళ్లను ‘ఎందుకు మానేశారు’ అని అడక్కు. ‘గిట్టుబాటు కాలేదు’ అంటారు, నిజమే, అక్కడితో మాట ఆగిపోతుంది. కొత్త పనిలో ఏది ఇట్టే వచ్చింది, ఏది రాక తిట్లు తిన్నారు అని అడుగు. మంగళగిరి చీరకు నిజాం అంచు నేసిన కన్ను అక్కడా పనికొచ్చి ఉంటుంది. ఇంటిల్లిపాదీ కలిసి ఒక చీర దింపే పద్ధతికి మాత్రం అక్కడ చోటుండదు. నీ వ్యాసం ఆ తేడా దగ్గర మొదలవ్వాలి.

కార్ల కంపెనీ టయోటా కథ కూడా చదువు, అదీ మగ్గం దగ్గరే మొదలైంది. సాకిచి టయోడా మగ్గాలు తయారుచేసేవాడు. 1924లో ఆయన పూర్తిచేసిన ఆటోమేటిక్ మగ్గం, దారం తెగితే తనే ఆగిపోయేది. 1929లో దాని పేటెంటు హక్కులు ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ అనే కంపెనీకి అమ్మారు. 1933లో సాకిచి కొడుకు కిఇచిరో తమ మగ్గాల కంపెనీలోనే కార్ల విభాగం పెట్టాడు. తప్పు కనపడగానే లైను ఆపేసే టయోటా పద్ధతికి మూలం ఆ మగ్గమే. అయితే దీన్ని తెచ్చి మంగళగిరికి అతికించకు. అక్కడ పనితనంతో పాటు పెట్టుబడీ, పేటెంటూ, ఫ్యాక్టరీ కూడా కొత్త వ్యాపారంలోకి వెళ్లాయి. ఇక్కడ మనిషి ఒట్టి చేతులతో వెళ్లి, ఇంకొకరి దగ్గర మళ్లీ కుర్రాడిలా పని నేర్చుకోవాలి. రెండూ ఒకటే అన్నట్టు రాస్తే నాకు కోపం వస్తుంది.

ఇంకొకటి. నేతకు దారం కండెలు చుట్టిన ఆడవాళ్ల గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. ముందు వాళ్లింటికెళ్లు. జాకెట్ల మీద మగ్గం వర్క్ చేస్తున్నారా, మిషన్ కుడుతున్నారా, బట్టల షాపులో నిలబడుతున్నారా? నాకూ తెలుసుకోవాలనుంది. రాయగానే పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు