రెట్రో డిజిటల్ కెమెరా కోసం ఆగండి, చేతిలో ఉన్నది మాత్రం అమ్మకండి

పాత ఫిల్మ్ కెమెరా పోలికలతో కొత్త డిజిటల్ కెమెరా రాబోతోందని వింటున్నాననీ, ఇప్పుడు వాడుతున్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని డిజిటల్ కెమెరా) అమ్మేసి దాని కోసం ఆగాలా, ఇంత ఎదురుచూపుకీ తగ్గ ఫలితం ఉంటుందా అనీ అడిగారు.

ఆగండి. ఉన్నది మాత్రం అమ్మకండి. ఈ రెండో మాట నేను పోగొట్టుకుని నేర్చుకున్నది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఎలా పోగొట్టుకున్నానో కిందికి వచ్చాక రాస్తాను.

నాకు ఫోటోలు తీయడం వచ్చింది మా మేనమామ నికాన్ ఎఫ్‌ఎం2 మీద. 1982లో వచ్చిన మోడల్. బ్యాటరీ అయిపోయినా షట్టర్ పడుతుంది, వెలుగు కొలిచే మీటర్ ఒక్కటే ఆగిపోతుంది. సెకనులో 4000వ వంతు దాకా స్పీడు మొత్తం స్ప్రింగులూ పళ్ళ చక్రాలతోనే నడిచేది. మామయ్య నా చేతికిచ్చిన రోజు రీలు వేయనివ్వలేదు. "ముందు చూడ్డం నేర్చుకోరా, రీలు సంగతి తర్వాత" అన్నాడు. వారం రోజులు ఖాళీ కెమెరాతోనే తిరిగాను.

ఆ వారం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. వ్యూఫైండర్‌లో కన్ను పెడితే నడిమధ్య చిన్న గుండ్రం, దాన్ని అడ్డంగా కోసినట్టు ఒక గీత. తలుపు అంచుకు గురిపెడితే అంచు ఆ గీత దగ్గర విరిగి, పై ముక్క ఒక పక్కకీ కింది ముక్క ఇంకో పక్కకీ జరిగి కనిపిస్తుంది. రింగ్ తిప్పుతుంటే రెండు ముక్కలూ మెల్లగా దగ్గరికొచ్చి అతుక్కుంటాయి. అప్పుడు ఫోకస్ కుదిరినట్టు. ఎడమ పక్క షట్టర్ స్పీడు అంకె, కుడి పక్క వెలుగు ఎక్కువో, సరిపోయిందో, తక్కువో చెబుతూ ఎర్రగా వెలిగే కూడిక, సున్నా, తీసివేత గుర్తులు. పైన చిన్న కిటికీలోంచి అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే) అంకె కనిపించేది. అది తెర మీద పడే అంకె కూడా కాదు, లెన్స్ రింగ్ మీద ఉన్న అంకెనే నేరుగా చూస్తున్నామన్నమాట. రీలు ముందుకు జరిపే లివర్‌ని కాస్త బయటికి లాగితేనే మీటర్ మేలుకునేది. నాది ఎడమ కన్నుతో చూసే అలవాటు, ఆ లివర్ కొస నుదుటికి గుచ్చుకునేది. ఇప్పటికీ ఎవరైనా ఎఫ్‌ఎం2 చేతికిస్తే నా తల దానంతటదే కొంచెం పక్కకు జరుగుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రెట్రో కెమెరా కోసం ఎదురుచూసే మనలాంటివాళ్ళకు నిజంగా కావలసింది వెండి రంగు పైకప్పూ తోలు తొడుగూ అని నేననుకోను. చెయ్యి వేసిన చోట అంకె ఉండాలి, ఆ అంకె చెప్పిన పనే కెమెరా చెయ్యాలి, కంటికి ఫోకస్ తెలియాలి. ఈ మూడూ ఉంటే ఒళ్ళు ఏ రంగులో ఉన్నా నాకు ఫర్వాలేదు.

2013 అక్టోబరు చివర్లో నికాన్ కొన్ని చిన్న వీడియోలు వదిలింది. పొగమంచు కొండల్లో ఒకతను కెమెరా పట్టుకుని నడుస్తుంటాడు. కెమెరాను సరిగా చూపించరు, డయల్ తిప్పిన టిక్కు టిక్కు చప్పుడు మాత్రం వినిపిస్తుంది. నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ చప్పుడు కోసమే మళ్ళీ మళ్ళీ విన్నాను. నవంబరులో డీఎఫ్ అనే ఆ కెమెరా వచ్చింది. నికాన్ వాళ్ళ డీ4 కెమెరాలో ఉన్న 16.2 మెగాపిక్సెల్ సెన్సరే అందులోనూ పెట్టారు, వీడియో సదుపాయమే పెట్టలేదు. నేను కొనలేకపోయాను గానీ ఒక స్నేహితుడి డీఎఫ్ చాలా నెలలు నా దగ్గరే ఉంది. దాని మౌంట్ (లెన్స్ తగిలించే చోటు) పక్కన మడిచిపెట్టుకునే చిన్న లోహపు నాలుక ఉంటుంది. దాన్ని పైకి మడిస్తే 1977కు ముందు నాటి లెన్సులు కూడా ఎక్కుతాయి. అంత పాతవాళ్ళను కూడా గుర్తుపెట్టుకుని చేశారే అని ఎంత సంతోషపడ్డానో. ఫోకసింగ్ తెర మాత్రం మార్చుకునే వీలు లేనిది, అందులో నేను పైన చెప్పిన విరిగే గీత లేదు. మాన్యువల్ లెన్స్ పెడితే మూలన వెలిగే పచ్చ చుక్కను నమ్ముకోవలసిందే.

ఇక నేను పోగొట్టుకున్న సంగతి. కొన్నేళ్ళ తర్వాత మరో రెట్రో మోడల్ ప్రకటన వచ్చింది. ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. ప్రకటన చూసిన రాత్రే అడ్వాన్సు కట్టాను, ఆ వారంలోనే నా కెమెరా అమ్మేశాను. చెప్పిన తేదీకి రాలేదు, ఆ తర్వాత చెప్పిన తేదీకీ రాలేదు. ఆ మధ్యలోనే మా అక్క కూతురు మొదటిసారి వేదికెక్కి పాడింది. పాట మొదలయ్యే ముందు మైకు తన ఎత్తుకు దించుతుంటే ఆ పిల్ల తలెత్తి చూసిన చూపు నాకు జ్ఞాపకంలో ఉంది, ఫోటోలో లేదు. ఫోనుతో తీసినది చీకట్లో చెదిరిపోయింది. తర్వాత ఎన్ని కచేరీలు తీసినా మొదటిది తిరిగి రాదు. అందుకే అంటున్నాను, కొత్తది చేతికొచ్చి, రెండు నెలలు వాడి, ఇది నాదే అనిపించాక అప్పుడు పాతది అమ్మండి.

కెమెరా వచ్చాక ఇంకో దెబ్బ తగిలింది. షట్టర్ డయల్ మీద 125 (సెకనులో 125వ వంతు) అని ఉంది, తీసిన ఫోటో వివరాల్లో 2000 అని ఉంది. మోడ్ లివర్ ప్రోగ్రామ్‌లో, అంటే స్పీడూ అపర్చరూ కెమెరాయే ఎంచుకునే మోడ్‌లో ఉంటే డయల్ మాట కెమెరా వినదని మాన్యువల్‌లో ఎక్కడో ఒక వాక్యం ఉందట. వాళ్ళ లెక్కలో అది తప్పు కాకపోవచ్చు. నాకు మాత్రం గోడ గడియారంలో ముళ్ళు ఒక టైము చూపిస్తుంటే గంట ఇంకో టైము కొట్టినట్టు అనిపించింది.

అందుకని కొత్త మోడల్ వివరాలు బయటికి రాగానే మీరు మెగాపిక్సెళ్ళ కంటే ముందు డయళ్ళ సంగతి చదవండి. అన్నిటికంటే ముందు ఐఎస్‌ఓ (ఫిల్ము లేదా సెన్సర్ వెలుగుకు ఎంత స్పందించాలో చెప్పే అంకె) డయల్. ఎఫ్‌ఎం2లో దీనికి విడిగా డయల్ లేదు. షట్టర్ డయల్ అంచును పైకెత్తి తిప్పితే చిన్న కిటికీలో అంకె మారేది. రీలు వేసినప్పుడు ఒకసారి పెట్టామంటే 36 ఫోటోలూ అయిపోయేదాకా దాన్ని ముట్టుకునే పనే లేదు, అది ఆ రీలుకు తగిలించిన చీటీ లాంటిది. డిజిటల్‌లో అలా కాదు, గదిలోంచి ఆరుబయటికి అడుగుపెడితే చాలు ఐఎస్‌ఓ మార్చాలి. పాత కెమెరాల్లో చీటీగా ఉన్నదాన్ని ఇప్పుడు ఫోటో ఫోటోకూ తిప్పే డయల్‌గా మార్చారు కాబట్టి అది కెమెరా కళ్ళ దగ్గర ఉండగానే బొటనవేలికి అందాలి. తాళం మీట నొక్కి తిప్పేదైతే రెండో రోజుకే ఆటోలో పెట్టేసి ఇక దాని వైపు చూడరు.

తర్వాత అపర్చర్ రింగ్. ఒంటి మీద ఎన్ని డయళ్ళున్నా లెన్స్ మీద అంకెలు లేకపోతే సగం కెమెరాయే పాతకాలానికి వెళ్ళినట్టు. నికాన్ జెడ్‌ఎఫ్‌తో జతగా అమ్మే 40 ఎంఎం ఎఫ్2 ఎస్‌ఈ లెన్స్ చూడ్డానికి పాత లెన్సులాగే ఉంటుంది. తిప్పడానికి రింగ్ ఉంది, దాని మీద అపర్చర్ అంకెలు లేవు. అపర్చర్ ఎంతో కెమెరా పైన చిన్న కిటికీలో చూసుకోవాలి. ఫ్యూజీ ఈ విషయంలో మొదటినుంచీ గట్టిగా నిలబడింది. 2010లో ప్రకటించి 2011లో అమ్మకానికి తెచ్చిన ఎక్స్100లోనే రింగ్ లెన్స్ మీద, షట్టర్ డయల్ పైకప్పు మీద ఉన్నాయి. రెండూ ఏ అంకె దగ్గర ఉన్నాయో కెమెరా ఆన్ చేయకుండానే తెలిసిపోతుంది. ఆ తెలియడమే నాకు అన్నిటికంటే ఇష్టం. సంచిలోంచి తీస్తూనే, కన్ను పెట్టకముందే, సగం పని అయిపోయి ఉంటుంది.

చాలామంది మరిచిపోయినది ఎప్సన్ ఆర్‌డీ1. 2004 నాటిది, 6 మెగాపిక్సెళ్ళు. డిజిటల్ కెమెరాకు ఫిల్మ్ కెమెరాలోలా లివర్ పెట్టారు, అది ఉత్తి అలంకారం కాదు. ప్రతి ఫోటోకీ లివర్ తిప్పితేనే షట్టర్ సిద్ధమవుతుంది. పైన వాచీ లాంటి డయల్‌లో ముళ్ళు ఉంటాయి. ఎన్ని ఫోటోలు మిగిలాయో, బ్యాటరీ ఎంతుందో, వైట్ బ్యాలెన్స్ ఏమిటో ముల్లే చెబుతుంది. ఈమధ్య 2025లో వచ్చిన ఫ్యూజీ ఎక్స్ హాఫ్‌లో కూడా లివర్ చూసి నాకు అదే గుర్తొచ్చింది. అందులో ఫిల్మ్ కెమెరా మోడ్ పెడితే అనుకున్నన్ని ఫోటోలు పూర్తయ్యేదాకా తీసినవి చూసుకునే వీలుండదు.

ప్లాస్టిక్ ఒళ్ళయితే రెట్రో ఎలా అవుతుందని కొందరు కోప్పడతారు. 1976 నాటి కేనన్ ఏఈ1 గుర్తుచేసుకోండి. దాని పైకప్పు లోహంలా కనిపించే ప్లాస్టిక్కే. మైక్రోప్రాసెసర్‌తో వచ్చిన మొదటి ఎస్‌ఎల్‌ఆర్ (లోపలి అద్దం ద్వారా లెన్స్‌లోంచే చూసే కెమెరా) కూడా అదే. ఇవాళ మనం పాతకాలపు అందం అంటున్న ఆ కెమెరా తన కాలంలో అందరికంటే కొత్తదన్నమాట. కాబట్టి ప్లాస్టిక్ సంగతి నేను పట్టించుకోను, చేతిలో బరువు కుదిరితే చాలు. బరువంటే, ఎఫ్‌ఎం2 ఒళ్ళు 540 గ్రాములు, 2023లో వచ్చిన జెడ్‌ఎఫ్ బ్యాటరీ, కార్డుతో కలిపి 710 గ్రాములు. వెడల్పు దాదాపు ఒకటే.

జెడ్‌ఎఫ్ వాడుతున్నాను ఇప్పుడు. విరిగే గీత అందులోనూ లేదు, కానీ మామయ్య 50 ఎంఎం లెన్స్ అడాప్టర్‌తో తగిలిస్తే, మాన్యువల్ లెన్సే అయినా ఎదుటి మనిషి కన్నెక్కడుందో కెమెరా పట్టుకుంటుంది. మీట నొక్కితే సరిగ్గా ఆ కంటి దగ్గరికే జూమ్ అవుతుంది. రింగ్ నేను తిప్పుతాను, కనురెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటిగా తేలతాయి. మొదటిసారి చూసినప్పుడు మామయ్య పక్కనుంటే బాగుండుననిపించింది. ఇంకా నాకు బాగా నచ్చింది, ఒక్క లివర్ జరిపితే నలుపు తెలుపులోకి వెళ్ళిపోవడం. వ్యూఫైండర్‌లో లోకమంతా వెలుగూ నీడా అయిపోతుంది, మెనూలోకి దిగే పని లేదు.

మీరు ఎదురుచూసే ఈ నెలల్లో ఒక పని చేయవచ్చు. మీ మిర్రర్‌లెస్‌కు అడాప్టర్ పెట్టి ఎవరి దగ్గరైనా మూలన పడివున్న పాత మాన్యువల్ లెన్స్ తగిలించండి. పాత ఎస్‌ఎల్‌ఆర్‌లలో అద్దానికి చోటు కావాలి కాబట్టి మౌంట్‌కూ ఫిల్ముకూ మధ్య దూరం ఎక్కువ. నికాన్ ఎఫ్ మౌంట్‌లో 46.5 మిల్లీమీటర్లయితే ఇప్పటి జెడ్ మౌంట్‌లో 16. ఆ మిగిలిన దూరంలోనే అడాప్టర్ పడుతుంది, అందుకే పాత లెన్సులు ఇంత సులువుగా ఎక్కుతాయి. లెన్స్ ఫోకల్ లెంత్ (లెన్స్ మీద ఉండే ఎంఎం అంకె) మెనూలో చేత్తో నమోదు చేయండి, లేకపోతే కుదుపును ఆపే ఏర్పాటు సరిగా పనిచేయదు. వెనక తెర ఆపేయండి. నెల రోజులు అలాగే తీయండి. ఆ నెలలో చిరాకెత్తి మళ్ళీ ఆటోఫోకస్‌కి వెళ్ళిపోతే, మీకు నచ్చింది ఆ కెమెరాల రూపమే. అదేం తప్పు కాదు, అప్పుడు డయళ్ళ గురించి ఇంత ఆలోచించకుండా కంటికి నచ్చిన మోడల్ తీసుకోండి. రింగ్ తిప్పడానికి వేళ్ళు అలవాటు పడితే ఆ లెన్స్ దాచిపెట్టుకోండి, కొత్త కెమెరా వచ్చిన రోజు ముందు తగిలించవలసింది దాన్నే.

ఏ మోడల్ కోసం చూస్తున్నారో, మీ దగ్గర ఏ లెన్సులున్నాయో రాస్తే, వాటికి ఏ అడాప్టర్ కుదురుతుందో చెబుతాను.