చచ్చు దూలగొండి

సందేహం: ఒక అనువాద కథలో ‘మృత దురదగొండి పూలు’ అని చదివాను. చచ్చిన మొక్క పూయడమేమిటి? దురదగొండి, దూలగొండి – వీటిలో ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, ఆ మొక్క నిక్షేపంగా ఉంది, చచ్చుబడినది అనువాదకుని చెవి. ఐరోపాలో కంచెల వెంట పెరిగే ఒక పూలమొక్క ఆకులు అక్కడి దురదమొక్క ఆకులను పోలి ఉంటాయి గాని ముట్టుకుంటే కుట్టవు. ఆ గుణం లేదు గనుకనే ఇంగ్లీషువారు దానిని ‘డెడ్ నెటిల్’ అన్నారు. అది తులసి కుటుంబానిది. తులసి కాడను వేళ్ల మధ్య దొర్లిస్తే నాలుగు పలకలు తగిలినట్టే దాని కాడకూ తగులుతాయి. ‘మృత’ అంటే గాంభీర్యం వస్తుందనుకున్నారు కాబోలు, శవం వచ్చింది. తెలుగులో ‘చచ్చిన’ వేరు, ‘చచ్చు’ వేరు. చచ్చుగింజ, చచ్చు సలహా, కాలు చచ్చుబడటం – వీటిలో చావు లేదు, పస లేకపోవడమే ఉన్నది.

ఇక నాకు ప్రీతి అయిన ‘గొండి’ సంగతి. లంచగొండిలో ఉన్నది ‘కొను’ ధాతువే; లంచం పుచ్చుకొనేవాడు లంచగొండి అయినట్టు, దూలను, అంటే దురదను, ఒంట పెట్టుకొన్నది దూలగొండి అనుకోవచ్చు. అయితే తేలుకూ కొండి ఉన్నది. దూల పుట్టించే కొండి అన్నా, ‘క’ను ‘గ’గా మార్చే గసడదవాదేశానికి అడ్డేమీ లేదు, అర్థమూ చక్కగా కుదురుతుంది. నా మొగ్గు మొదటిదానివైపే గాని, ఆకు తగిలి చేయి తడుముకొంటున్నవాడు రెండవదే నిజమంటే వాదించలేను. ఆకు కుట్టే తీగకూ, కాయ నూగుతో దురద పుట్టించే కపికచ్ఛువుకూ ఈ పేరు చెల్లుతున్నది.

దురదగొండి తప్పు కాదు, వాడుకలో ఉన్నదే. నాకు మాత్రం దూల మీదనే మమకారం. ఈమధ్య ‘నోటిదూల’ను సైతం ‘నోటిదురద’ చేసి, మందు రాయవలసిన జబ్బుగా మార్చారు.

మన విజయవాడ కాలువగట్ల మీది కుప్పింటాకు కూడా చూపుకు ఇటువంటిదే. దాని శాస్త్రనామంలో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టినది దురదమొక్కకు గ్రీకులో ఉన్న పేరే. అలాగని కథలో కుప్పింటాకు అని వేయకూడదు, మొక్క వేరు. నేనైతే ‘చచ్చు దూలగొండి’ అని వ్రాస్తాను. ఆ మాట మరీ మొరటనిపించినవారు ‘కుట్టని దూలగొండి’ అన్నా నాకు అభ్యంతరం లేదు.