ఒడ్డు మీద మనుషుల్ని వేసేముందు

స్వాతీ,

నీ స్కెచ్‌లు చూశానమ్మా. గాల్లో తేలే గడియారం, రెక్కల చేప, తల లేని మనిషి, అన్నీ ఒక్క కాన్వాస్ మీదే పెట్టేశావు. చూసేవాళ్ళకి కలలా ఉండాలి, లోపల ఎక్కడో భయం పుట్టాలి అన్నావు కదా, అయితే ముందు ఆ వింతలన్నీ తీసెయ్.

నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ 1899–1900లో వేసిన 'జీవిత నృత్యం' బొమ్మని పెద్ద స్క్రీన్ మీద పెట్టుకుని చూడు. అసలుది ఓస్లో నేషనల్ మ్యూజియంలో ఉంది, దాదాపు 125 సెంటీమీటర్ల ఎత్తు, 190 వెడల్పు. ఆయన ఆస్‌గార్డ్‌స్ట్రాండ్ అనే ఊళ్ళో చిన్న ఇల్లు కొనుక్కున్నాడు, ఆ ఊరి ఒడ్డే ఇది. వేసవి రాత్రి, పచ్చిక మీద జంటలు డాన్స్ చేస్తున్నాయి, అంతే. కానీ కాసేపు చూస్తే ఊపిరాడదు. ఎడమవైపు తెల్ల గౌనులో ఒకామె పువ్వు దగ్గరికి చెయ్యి చాపుతోంది, కుడివైపు నల్ల గౌనులో ఒకామె చేతులు ముడుచుకుని నిలబడింది, మధ్యలో జంటకి వీళ్ళిద్దరూ ఉన్న సంగతే పట్టదు. ఆ జంటలో ఆమె ఎర్ర గౌను అంచు దగ్గర ఆగి చూడు, అది పారుకుంటూ వెళ్ళి అతని కాళ్ళని చుట్టేసింది. నీళ్ళలో చంద్రుడి వెలుగు అలలకి చెదరకుండా నిటారుగా స్తంభంలా ఉంటుంది. వెనకాల ఒకడి మొహం మాత్రం ముసుగు తొడిగినట్టు వికారంగా ఉంటుంది, అది కూడా చిన్నగా, ఒక పక్కన.

నీకు బాగా తెలిసిన భీమిలి ఒడ్డే తీసుకో. తెల్లారగట్ల వల లాగేవాళ్ళని ఉన్నదున్నట్టు గీసుకో, వెనక్కి వాలిన నడుములు, ఇసుకలో దిగబడ్డ మడమలు, బిగిసిన పిడికిళ్ళు. తర్వాత కాన్వాస్ మీద వేసేటప్పుడు తాడు ఒక్కటి వెయ్యకు. వాళ్ళు దేన్ని లాగుతున్నారో, లేక ఏది వాళ్ళని లాగుతోందో చూసేవాళ్ళనే తేల్చుకోనీ. మిగతాదంతా నిజంగా ఉంటేనే ఇది పనిచేస్తుంది, అందుకే పిడికిళ్ళ దగ్గర బద్ధకించకు.

మొహాల్లో కళ్ళు గీయకు, అక్కడ చిన్న నీడ చాలు. ఇంకోటి, భయం అనగానే అందరూ నల్ల ట్యూబ్ పిండేస్తారు, దాంతో బొమ్మ చచ్చిపోతుంది. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ అంబర్ గోధుమరంగు కలుపు, కావలసినంత చీకటి వస్తుంది. ఆకాశం పల్చగా వెయ్యి.

రంగులు మొదలుపెట్టేముందు పోస్ట్‌కార్డంత సైజులో పెన్సిల్‌తో రెండు మూడు వేసి పంపు. తాడు ఉన్నదీ, లేనిదీ రెండూ పంపు, పక్కపక్కన పెట్టి చూస్తాను.

మావయ్య