టికెట్ మీది తేదీ మళ్లీ చూడు తల్లీ

తల్లీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి నీకు వీసా వచ్చిందనీ, ఆగస్టు 14కి టికెట్ కూడా తీసేశారనీ చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల ఒక్కతే శాన్‌ఫ్రాన్సిస్కో దాకా పోయి చదవబోతోందని వీధిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పేశాను. అయితే ఫోన్ పెట్టేసే ముందు అది "14 పొద్దున కొండకు పోయి దర్శనం చేసుకుని, రాత్రికి చెన్నై బయలుదేరతాం అక్కా" అంది చూడు, నా గుండె గుభేలుమంది. వెంటనే నువ్వు వాట్సాప్‌లో పంపిన టికెట్ తీసి చూశా. చెన్నైలో విమానం 14 తెల్లవారుజామున 3.30కి! మీరు కొండ దిగేసరికి అది దుబాయ్ కూడా దాటిపోయి ఉంటుంది. ఇంత చదువుకున్నదానివి, నువ్వైనా చూసుకోవద్దా?

మీ పెద్దమామయ్య కువైట్ ప్రయాణం సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. వాడి విమానం 5వ తేదీ తెల్లవారుజామున ఒంటిగంట దాటాక, అంటే 4 రాత్రే బయలుదేరాలి. 5 రాత్రి అని అందరం అదే అనుకున్నాం. 5 మధ్యాహ్నం చుట్టాలందరికీ భోజనాలు పెట్టి, సాయంత్రం దండలు వేసి కారెక్కించాం. పుత్తూరు, నగరి, తిరుత్తణి దాటి చెన్నై చేరితే, ఎయిర్‌పోర్టు వాకిట్లో సెక్యూరిటీ ఆయన కాగితం చూసి "ఇది నిన్న రాత్రే వెళ్లిపోయింది సార్" అన్నాడట. వాడు లోపలికి పోలేక, మాకు ఫోన్ చేయడానికి మొహం చెల్లక తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాడు. కొత్త టికెట్ కోసం మీ అమ్మమ్మ గొలుసు కుదువకు పోయింది. అది మళ్లీ ఇంటికి రాలేదు. అర్ధరాత్రి 12 దాటితే తేదీ మారుతుందన్న చిన్న లెక్క తల్లీ, అంతే. పైగా నీది ఒకే టికెట్ కదా, మొదటి విమానం ఎక్కకపోతే దుబాయ్ నుంచి పోయే రెండోదీ మామూలుగా రద్దు చేసేస్తారు.

ఇంకో మాట. టికెట్ మీద వేసే టైమ్ ఏ ఊరిదైతే ఆ ఊరి గడియారమే. 3.30కి ఎక్కి 6కి దుబాయ్ అని ఉంటే రెండున్నర గంటలని అనుకోకు, దాదాపు 2,900 కిలోమీటర్లు, నాలుగు గంటలు పడుతుంది. అక్కడ 8.45కి ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం 1.45కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతావని ఉంది. అది ఐదు గంటలు కాదు, 13,000 కిలోమీటర్ల దూరం, పదహారు గంటలు! నువ్వు దిగేటప్పటికి ఇక్కడ 15వ తేదీ తెల్లవారుజామున 2.15 అవుతుంది. నిద్ర పాడవుతుందని మొహమాటపడకుండా ఫోన్ చెయ్యి, మీ అమ్మ ఎలాగూ పడుకోదు.

పదహారు గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్లు వాస్తాయి, రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. గంటకో రెండు గంటలకో లేచి అటూ ఇటూ నడువు, నీళ్లు తాగు. పాస్‌పోర్టు, ఐ-20 (వీసా కోసం కాలేజీ వాళ్లిచ్చిన కాగితం) చేతి సంచిలోనే పెట్టుకో. దుబాయ్‌లో దిగగానే ముందు గేటు ఎక్కడుందో చూసుకో, షాపులు తర్వాత. కొత్త ఊళ్లో ఒక్కదానివే ఆ బోర్డులు చూసుకుంటూ తిరుగుతావని తలుచుకుంటేనే నాకు టెన్షన్‌గా ఉంది, కానీ నువ్వు చేయగలవు.

కొండకు 11నో 12నో పోయిరండి. కారు నేనే మాట్లాడాను, 13 సాయంత్రం 7కి మీ ఇంటి ముందుంటుంది. మీ అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు.

మీ పెద్దమ్మ
తిరుపతి