ఓటు ఉందా అని అడిగితే ఏం చెప్పాలి బాబాయ్?

ఈ సంక్రాంతికి మా అరుగు మీద వీసాల కంటే ఓట్ల గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం. మాది అంబాజీపేట పక్కన ఊరు. ఇంటికొకరు అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్నారు. ఎవరూ లేని ఇళ్ళలో ఎవరో ఒకరు సర్టిఫికెట్లు స్కాన్ చేయించుకుంటున్నారు. నేను 2001లో హెచ్‌1 ఉద్యోగ వీసా మీద వెళ్ళి హ్యూస్టన్ శివార్లలో స్థిరపడ్డవాణ్ణి. అందుకని వచ్చినప్పుడల్లా పిల్లలు చుట్టూ చేరతారు. ఏ పచ్చడి పట్టుకెళ్ళాలి, క్రెడిట్ కార్డు ఎప్పుడిస్తారు, రూమ్మేట్‌తో తగువొస్తే ఏం చెయ్యాలి, ఇలాంటివి మామూలుగా అడుగుతారు. ఈసారి మా అన్నయ్య కొడుకు, ఆగస్టులో డాలస్ వెళ్ళబోయేవాడు, "అక్కడ నువ్వు ఎవరికేస్తావు బాబాయ్?" అన్నాడు.

అడక్కూడని మనిషినే అడిగాడు. నాకు రాజకీయాలంటే కోపమూ లేదు, ప్రేమా లేదు. ఒట్టి బద్ధకం. అమెరికాలో లిబర్టేరియన్లని ఒక రకం మనుషులున్నారు. పన్నులు తగ్గించు, ఎక్కడెక్కడో యుద్ధాలు మానుకో, నేనేం తాగుతున్నానో ఎవర్ని పెళ్ళి చేసుకున్నానో నీకెందుకు, అని ప్రభుత్వాన్ని అడుగుతారు. వాళ్ళ పార్టీ 1971లో కొలరాడోలో పుట్టింది. అక్కడ అధ్యక్షుణ్ణి చివరికి ఎన్నుకునేది ఎలక్టర్లనే 538 మంది ప్రతినిధులు. వాళ్ళ ఓట్లలో ఈ పార్టీకి ఇన్నేళ్ళలో దక్కింది ఒక్కటంటే ఒక్కటే, అదీ 1972లో. వేరే పార్టీ ఎలక్టరు ఒకాయన ఎదురు తిరిగి వేసింది. నేను ఆ గుంపులో మనిషిని. సభ్యత్వం తీసుకునేంత ఓపిక మాత్రం లేదు.

2016లో నాకు పౌరసత్వం వచ్చింది. మొదటి ఓటు మా లిబర్టేరియన్ అభ్యర్థి గ్యారీ జాన్సన్‌కి వేశాను. టీవీలో సిరియా యుద్ధం గురించి అడుగుతూ అలెప్పో (అక్కడి నగరం) సంగతేం చేస్తారంటే, "అలెప్పో అంటే ఏమిటి?" అని ఎదురడిగిన పెద్దమనిషి ఆయనే. దేశం మొత్తం మీద మూడు శాతం పైచిలుకు ఓట్లొచ్చాయి. ఆ పార్టీ చరిత్రలో అదే పెద్ద రికార్డు! భీమవరం స్నేహితుడొకడు ఫోన్ చేసి, ఓటు తీసుకెళ్ళి మురుగుకాలవలో పారేశావన్నాడు. మా గోదావరి జిల్లాల్లో ఓడిపోయేవాడికి ఓటెయ్యడమంటే పందెం బరిలో కుంటికోడి మీద డబ్బు కాయడంతో సమానం. కానీ ఆ ఏడు టెక్సస్‌లో గెలిచినవాడికీ ఓడినవాడికీ తేడా 8 లక్షల ఓట్లు. నా ఒక్క ఓటు ఎటు పడినా ఏమయ్యేది? 2020లో అసలు వెళ్ళలేదు. 2024లో వెళ్ళాను గానీ పైనున్న అధ్యక్షుడి గడి ఖాళీగా వదిలేశాను.

ఇదంతా వినేసరికి కుర్రాళ్ళకి నీరసం వచ్చింది. మీ అవసరం వేరురా, ముందు అది వినండి అన్నాను.

అమెరికాలో సిటిజన్ కానివాడు ఓటు జోలికి పోకూడదు. స్టూడెంటు వీసా అయినా, హెచ్‌1 అయినా, ఆఖరికి గ్రీన్‌కార్డు అయినా అంతే. ఈ మాట అందరికీ తెలుసు. తెలిసీ బోల్తా పడేది డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్ దగ్గర. 1993లో వచ్చిన చట్టం ప్రకారం లైసెన్సుకి వెళ్ళినవాళ్ళని అక్కడే ఓటరుగా నమోదవుతారా అని అడుగుతారు. మనవాడు దిగి నెల కాలేదు. వెనక క్యూ ఉంటుంది. కౌంటర్లో ఉన్నామె ఏమడుగుతోందో సగమే అర్థమవుతుంది. అన్నిటికీ "యస్ మేడమ్" అంటాడు. నాతో పనిచేసిన కుర్రాడొకడు సరిగ్గా ఇలాగే సంతకం పెట్టాడు. ఆరు వారాలకి పోస్టులో ఓటరు కార్డు వచ్చింది. ముచ్చటపడి ఫ్రిజ్ మీద అతికించాడు కూడా. నేను భోజనానికి వెళ్ళినప్పుడు చూసి, తింటున్న అన్నం వదిలేసి లాయరుకి ఫోన్ చేయించాను. రద్దు చెయ్యమని కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసుకి ఉత్తరం రాయించి, కాపీ దాచిపెట్టించాం. అదృష్టం, ఓటు వెయ్యలేదు. వేసుంటే ఫెడరల్ నేరం, ఏడాది వరకూ జైలు, దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు. సిటిజన్‌నని అబద్ధం చెప్పినట్టు తేలితే అది ఇంకా పెద్ద ముల్లు, జన్మంతా తీయలేరు. పదేళ్ళ తర్వాత పౌరసత్వం ఫారం నింపేటప్పుడు ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా అని అడుగుతారు.

వాల్‌మార్ట్ బయట అట్ట పట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చేవాళ్ళుంటారు. "ఓటరుగా నమోదయ్యారా?" అంటారు. మొహమాటపడకండి. నేను సిటిజన్‌ని కాదండీ అని ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి ట్రాలీ తోసుకుపొండి. వాళ్ళేం అనుకోరు. పిటిషన్ మీద సంతకమైనా అంతే. జ్యూరీకి, అంటే కేసు విని తీర్పు చెప్పే పౌరుల్లో ఒకడిగా, రమ్మని కోర్టు నుంచి కాగితం రావచ్చు, ఎందుకంటే ఆ పేర్లు లైసెన్సుల జాబితా నుంచి కూడా తీస్తారు. చింపెయ్యకండి. సిటిజన్ కాదన్న గడిలో టిక్కు పెట్టి తిప్పి పంపండి. విద్యార్థులూ హెచ్‌1 వాళ్ళూ అభ్యర్థులకి చందాలు కూడా ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు వచ్చాక ఇవ్వచ్చు. నేనైతే ఇచ్చిన పాపాన పోలేదు.

ఇక ఫేస్‌బుక్కు సంగతి. ఇది నా లిబర్టేరియన్ ప్రాణానికి మహా కష్టమైన సలహా. వాక్‌స్వాతంత్ర్యం అమెరికా రాజ్యాంగంలో మొట్టమొదటి సవరణ. నేను ఏ అధ్యక్షుణ్ణి ఏమన్నా అడిగేవాడు లేడు. కానీ 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్ళు తమ సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేలా పెట్టాలన్నారు, డిసెంబరు నుంచి హెచ్‌1 వాళ్ళకీ, వాళ్ళ వెంట హెచ్‌4 మీద వెళ్ళే భార్యాభర్తలకీ పిల్లలకీ అదే. అయిదేళ్ళుగా వాడిన ఖాతాల పేర్లు వీసా ఫారంలోనే రాయాలి. అమలాపురంలో కూర్చుని అర్ధరాత్రి పెట్టిన మీమును హైదరాబాదు కాన్సులేట్‌లో ఎవరో చదువుతారన్నమాట. ఇది నాకు నచ్చదు. అయినా మా అన్నయ్య కొడుకుతో మాత్రం, నోరు కట్టుకోరా, గ్రీన్‌కార్డు వచ్చాక నా వాటా కూడా నువ్వే తిట్టుదువుగాని అన్నాను. ఏళ్ళ తరబడి కదలని మనవాళ్ళ గ్రీన్‌కార్డు క్యూ సంగతి తెలిసినవాళ్ళెవరో వెనకాల కిసుక్కున నవ్వారు.

పక్కింటి అమ్మాయి, మావయ్యగారూ అని పిలుస్తుంది, లీడ్స్ వెళ్తోంది. ఇవన్నీ రాసుకుంటోంది పాపం. నువ్వు రాసుకోకమ్మా, నీకు అన్నీ తలకిందులు అన్నాను. ఇంగ్లండులో ఇండియాలాంటి కామన్వెల్తు దేశాలవాళ్ళకి, స్టూడెంటు వీసా మీద ఉన్నా సరే, ఓటుంటుంది. పార్లమెంటు ఎన్నికల్లో కూడా. ఇల్లు అద్దెకి తీసుకోగానే కౌన్సిల్ నుంచి కాగితం వస్తుంది, నమోదు చేసుకోవాలి. ఓటెయ్యాలని లేకపోయినా జాబితాలో పేరుంటే ఫోన్ కాంట్రాక్టుకీ అప్పుకీ చిరునామా రుజువుగా పనికొస్తుంది. ఆస్ట్రేలియాలో ఇంకో తమాషా ఉంది. అక్కడ పౌరుడై ఉండి ఓటెయ్యకపోతే 20 డాలర్ల జరిమానా. నాలాంటి బద్ధకస్తుణ్ణి పట్టుకోవడానికే పెట్టినట్టుంది ఆ చట్టం.

అమెరికాలో ఎన్నికల వాతావరణం మనకి ఎలా ఉంటుందంటే, అసలు ఉండదు. మైకు లేదు, జెండా తోరణం లేదు, బిర్యానీ పొట్లం లేదు. 2026 నవంబరు 3న అక్కడ మిడ్‌టర్మ్ ఎన్నికలు, అంటే అధ్యక్షుడి నాలుగేళ్ళ మధ్యలో వాళ్ళ పార్లమెంటుకి జరిగేవి. (మధ్యంతరం అంటే ఇక్కడివాళ్ళు ప్రభుత్వం పడిపోయిందా అనుకుంటారు, అందుకే ఇంగ్లీషు మాటే వాడుతున్నాను.) మీ క్లాసులో సగం మందికి అది ఉందనే గుర్తుండదు. హడావుడంతా మన ఆంధ్రా ఎన్నికలకే. పార్కింగ్ లాట్లలో కార్ల ర్యాలీలు, కండువాలు, కేకులు, డ్రోన్లు. ఉత్సాహం ఉంటే వెళ్ళండి. కానీ ఒకే ఫ్లాటులో నలుగురు ఉంటున్నప్పుడు వంటింట్లో పార్టీల మాట ఎత్తకండి. లీజు మీద నలుగురి సంతకాలూ ఉంటాయి, తగువు పడి ఒకడు వెళ్ళిపోయినా వాడి వాటా మిగతావాళ్ళు కట్టాల్సిందే.

అంతసేపూ మూల కూర్చుని వింటున్న మాస్టారు అప్పుడు నోరు విప్పారు. మా నాన్న స్నేహితుడు, ఎనభై దాటాయి. "ప్రభుత్వం అక్కర్లేదంటావు, బానే ఉంది. మరి ఆ కాలవ ఎవరు తవ్వించార్రా?" అని వీధి అవతలకి చెయ్యి చూపించారు.

దీనికి నా దగ్గర ఇరవై ఏళ్ళుగా జవాబు లేదు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేస్తేనే ఈ కొబ్బరిచెట్టూ ఈ వరిచేనూ ఈ అరుగూ. ఆ డబ్బు కుంపిణీ సర్కారుది, అంటే పన్ను కట్టినవాళ్ళది. నా అమెరికా టిక్కెట్టు కూడా కాలవ నీళ్ళ మీద పండిన డబ్బుతో కొన్నదే. మీ స్నేహితుడు, మా నాన్న, మాత్రం ప్రతిసారీ స్వతంత్ర పార్టీ నక్షత్రం గుర్తుకే వేశాడు కదా మాస్టారూ అన్నాను. 1959లో నాగపూరులో కాంగ్రెసు ఉమ్మడి సహకార సేద్యమని తీర్మానం చేసినప్పుడు, రాజాజీ, మన నిడుబ్రోలు రంగా గారూ కలిసి ఆ పార్టీ పెట్టారు. రంగా గారే తొలి అధ్యక్షుడు. నా పొలం గట్టు చెరిపే హక్కు ఎవడికీ లేదన్నది నాన్న పాలిటిక్సు మొత్తం. 1967లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 సీట్లొచ్చాయి, 1974కల్లా ఇంకో పార్టీలో కలిసిపోయింది. "ఆయన గట్టు వద్దన్నవాణ్ణి తిట్టాడు గానీ కాలవ నీళ్ళు చూసే సర్కారు లస్కరుని ఏనాడూ తిట్టలేదు" అన్నారు మాస్టారు.

ఆ మాట మీద నాకు మా మడ్ గుర్తొచ్చింది. బురద కాదు. టెక్సస్‌లో ఊరి హద్దు బయట కొత్తగా వేసిన కాలనీలకి నీళ్ళూ మురుగూ చూసుకునే డిస్ట్రిక్టుని పొట్టిగా అలా అంటారు. అయిదుగురు డైరెక్టర్లుంటారు. పైపుల కోసం బాండ్లు అమ్మి అప్పు తెస్తారు, ఆ అప్పు మన ఇంటి పన్ను మీద వేస్తారు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని మురిసిపోయి వెళ్ళేవాళ్ళు ఈ ఇంటి పన్ను చూసి గుండె పట్టుకుంటారు. కొన్నిచోట్ల ఇళ్ళు కట్టకముందే డెవలపరు ఖాళీ స్థలంలో ట్రెయిలరు పెట్టి, అందులో ఉంచిన ఇద్దరు ముగ్గురితోనే కోట్ల డాలర్ల బాండ్లకి ఓటేయించిన సంగతులు పేపర్లలో వచ్చాయి. అధ్యక్షుడి గడి ఖాళీగా వదిలే నేను ఆ బాండ్ల గడి మాత్రం చదివి మరీ వేస్తాను, ప్రతిసారీ వద్దనే. "మన నీటి సంఘమే కదరా" అన్నారు మాస్టారు. అంతే. ఒకసారి మాత్రం ఆ వద్దన్నది తప్పయింది. 2017లో హార్వీ తుఫానుకి మా వీధిలో మోకాలిలోతు నీళ్ళు నిలిచినప్పుడు, డ్రెయిను బాండు మీద అంతకుముందు నేనెలా వేశానో మా ఆవిడ నలుగురిలో చెప్పింది.

ఇండియాలో మీ ఓటు సంగతి కూడా చెప్పాలి. ఇండియా పాస్‌పోర్టు ఉన్నంతకాలం ఓటు పోదు. ఫారం 6ఏ నింపి విదేశీ ఓటరుగా మీ ఊళ్ళోనే నమోదు కావచ్చు, 2011 నుంచి ఈ వీలుంది. కానీ పోస్టులో వెయ్యడం, ఇంకొకరితో వేయించడం కుదరదు. అసలు పాస్‌పోర్టు పట్టుకుని మీరే బూత్‌కి రావాలి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద అలా వచ్చి వేసినవాళ్ళు 3 వేలు కూడా లేరు, వాళ్ళలోనూ అత్యధికులు కేరళవాళ్ళే. వేరే దేశం పౌరసత్వం తీసుకున్న రోజున మన పౌరసత్వం పోతుంది, దాంతో ఓటూ పోతుంది. అలా విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు జీవితాంతం వీసాయే గానీ ఓటు కాదు. దాని మీద పంటపొలం కొనకూడదు. నాన్న నుంచి వచ్చింది ఉంచుకోవచ్చు.

2024 మే 13న నేను ఊళ్ళోనే ఉన్నాను. అమ్మని బూత్‌కి తీసుకెళ్ళాను, నేను అయిదో తరగతి దాకా చదివిన బడే. బయట చెట్టుకింద స్లిప్పులు పంచే కుర్రాడు జాబితాలో వేలు పెట్టి, "మీ పేరు కూడా ఉందండోయ్, వేసేసి వెళ్ళండి, ఆయ్" అన్నాడు. నిజమే, నా పాతికేళ్ళప్పటి ఫొటోతో సహా ఉంది. కుదరదు, నేను ఇక్కడి పౌరుణ్ణి కాదంటే వాడికి నమ్మకం కుదరలేదు. ఆ కాలవలో ఈత నేర్చుకున్నాను కదా మరి. అమ్మ అరగంటకి బయటికొచ్చి ఎడమ చూపుడువేలు చూపించింది. గోరు మీంచి కిందికి సిరా గీత, ఇంకా తడిగానే ఉంది. చీరకి అంటుకుంటుందేమోనని ఇంటిదాకా ఆ వేలు పైకెత్తుకునే నడిచింది.

పేరు తీయించుకోవడం అప్పుడు బద్ధకించాను. ఈసారి ఫారం 7 నింపాను. తీసుకోవడానికి వచ్చిన బీఎల్వో (బూత్ ఓటర్ల జాబితా చూసే ఉద్యోగి) ఇక్కడి అమ్మాయే. కారణాల దగ్గర ఆగిపోయింది. చనిపోయారు, ఊరు మారారు, ఇంకోచోట పేరుంది, భారత పౌరుడు కాదు. "ఊరు మారారని పెట్టేద్దామా బాబాయ్‌గారూ? ఆ ఆఖరిది బాగోదండీ" అంది అమ్మ వైపు చూస్తూ.

ఉన్నదే పెట్టమన్నాను. అమ్మ టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.